మేనెల దండ

కిందటి వారం మనం జేబెజ్ కవుడ్ మేడగదిలో ఒక ఓడని సగం గీసి, రంగు తడి ఆరకుండానే వదిలేసి వచ్చాం. ఓడ పేరు లాప్‌వింగ్. హల్ రేవు నుంచి తిమింగలాల వేటకని ఉత్తరాన డేవిస్ జలసంధి మంచులోకి వెళ్ళి తిరిగి రాలేదు. వేరే ఓడ ఎక్కి ఇల్లు చేరినవాళ్ళు ఆరుగురే. వాళ్ళకి పెద్ద ఆమోస్ గార్బట్. లాప్‌వింగ్‌లో మేట్, అంటే కేప్టెన్ ఫెన్విక్ తర్వాత అంతటివాడు. ఏప్రిల్ నెలలోనే మంచు రెండు పక్కలనుంచీ నొక్కి ఓడని చిదిపేసిందనీ, కళ్ళముందే మునిగిపోయిందనీ మేజిస్ట్రేటు ఎదట బైబిలు మీద చెయ్యేసి చెప్పాడు. మిగతా ఐదుగురూ అదే మాట చెప్పారు. ఊళ్ళో వీధివీధినా ఆడవాళ్ళు పోయినవాళ్ళ కోసం నల్లబట్టలు కట్టారు.

నల్లబట్టలు కట్టుకునే హక్కు ఉండీ కట్టుకోలేకపోయింది డోర్కస్ ఒక్కతే. జేబెజ్‌కి ఉన్న ఒక్క కూతురు. లాప్‌వింగ్‌లో బల్లెం విసిరే సైలస్ లైత్‌ని, ఓడ బయల్దేరే ముందు, నది అవతలి చర్చిలో గుట్టుగా పెళ్ళి చేసుకుంది. ఆ సంగతి మనకి తెలుసు, అక్కడి పాస్టరుకి తెలుసు. కన్నతండ్రికి మాత్రం తెలీదు. ఎందుకు చెప్పలేదంటే, వేట ఓడ ఎక్కేవాడికి పిల్లనివ్వనని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు. ఆ ఓడలెక్కి నోటితో చెప్పలేని కష్టాలు పడ్డవాడు కనక ఆయన మొండితనానికి కారణం లేకపోలేదు.

ఓడ యజమాని థొరెస్బీ దొర పోయిన ఓడ బొమ్మని నావికుల ప్రార్థనామందిరంలో గోడకి పెట్టిస్తానన్నాడు. బొమ్మ వెయ్యడానికి జేబెజ్, వివరాలు చెప్పడానికి గార్బట్. చెప్పడం అయ్యాక గార్బట్ తన కొత్త ఓడకి కేప్టెన్‌గా గురువారం సముద్రపు పోటుకి బయల్దేరాలి. ఇదీ కథ. ఇప్పుడు మళ్ళీ మేడెక్కుదాం.

పొద్దు బాగా ఎక్కింది. కిటికీ తీసి ఉంది. రేవులో ఓడలన్నిటికీ తారు పూస్తున్నారు, ఆ వాసన గదిలో రంగులు కలిపే టర్పెంటైన్ వాసనతో కలిసి కొత్తవాళ్ళకైతే తల తిప్పేస్తుంది. ఈ గదిలో ఉన్న ముగ్గురూ అందులో పుట్టి పెరిగినవాళ్ళు. జేబెజ్ బొమ్మకి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. గార్బట్ ఆయన భుజం వెనక నిలబడ్డాడు. డోర్కస్ కిటికీ పక్కన రాతి పలక మీద నీలం నూరుతోంది.

ఓడ బొమ్మ వేయించుకునేవాడు చిత్రకారుడి వెనకే నిలబడాలి. అది ఇక్కడి పద్ధతి. మనుషుల బొమ్మలు వేసేవాళ్ళ దగ్గర ముక్కు కాస్త చిన్నది చెయ్యమని బతిమాలుకుంటారు. ఓడ బొమ్మ దగ్గర ఆ పప్పులుడకవు. ఉన్నది ఉన్నట్టు ఉండాలి. ఒక్క తాడు తప్పితే కేప్టెన్లు ఇంటికి తీసుకుపోరు. భార్య కళ్ళు ఏ రంగో తడుముకునే కేప్టెన్‌కి తన ఓడ వెనక కిటికీకి ఏ మూల అద్దం పగిలిందో గుర్తుంటుంది. జేబెజ్ బతుకంతా ఇలాంటివాళ్ళతోనే గడిచింది.

“ఆ పీపా ఇంకాస్త పైకుండాలి పెద్దాయనా,” అన్నాడు గార్బట్. తెరచాపకొయ్య చివర కాపలావాడు నిలబడే పీపా అది. “అంత కిందకుంటే తిమింగలం సంగతి దేవుడెరుగు, వాడికి వాడి కాళ్ళే కనపడవు.”

“కేప్టెన్‌గిరీ వచ్చింది కదాని నా కుంచె కూడా నీకిచ్చేశారా ఏంటి?”

“ఉన్నమాట చెబితే ఉలుకెందుకూ?”

“ఉలుకా? నేను ఆ పీపాలో నిలబడి చలికి కొయ్యబారిపోయిన రోజుల్లో నువ్వు చేపల బజారులో ముక్కు తుడుచుకుంటూ తిరుగుతున్నావు,” అంటూనే జేబెజ్ పీపాని గుడ్డతో తుడిచి, బొటనవేలంత పైకి జరిపాడు. చెప్పింది నిజమే అయినప్పుడు ఆయన తిట్టేవాడే గాని కాదనేవాడు కాదు.

ఈ ఇంట్లో పని పంపకం ఇలా ఉండేది. ఓడ, కొయ్యలు, తెరచాపలు తండ్రివి. ఆకాశం, నీళ్ళు, మంచు కూతురివి. కింద సంతకం మాత్రం తండ్రిది. ఈ మధ్య ఆయన చూపు మందగించింది. దానితో సన్నపనులన్నీ, తాళ్ళ ముడులు, జెండాలు, ఓడ మీద మనుషులు, నెమ్మదినెమ్మదిగా డోర్కస్ చేతికి వచ్చాయి. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఆయన కుంచె కింద పెడితే ఆమె తీసుకునేది, అంతే.

అలా నిన్న సాయంత్రం ఆమె చేతికి కుంచె వచ్చినప్పుడు ఒక పని చేసింది. ఓడ రెండు కొయ్యల మధ్య, ఎత్తున, మేనెల దండ వేసింది.

ఆ దండ సంగతి హల్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు. మే మొదటి రోజున, ఎంత మంచులో ఉన్నా సరే, వేట ఓడవాళ్ళు గుండ్రటి పీపాకట్లు రెంటిని ఒకదానికొకటి అడ్డంగా బిగించి, ఇంటిదగ్గర ఆడవాళ్ళు ఇచ్చిన రిబ్బన్లన్నీ వాటికి కట్టి పైకి ఎగరేస్తారు. ఆ రోజు వచ్చేదాకా ఎవరి రిబ్బను వాళ్ళు పెట్టె అడుగున దాచుకోవలసిందే. పక్కవాడికి చూపించినా అచ్చిరాదని నమ్మకం. ఓడలో అందరికన్నా కొత్తగా పెళ్ళయినవాడు పైకెక్కి దండ కడతాడు. మళ్ళీ సొంత రేవు చేరేదాకా దాన్ని ఎవరూ దింపరు.

లాప్‌వింగ్ ఏప్రిల్లోనే మునిగింది కనక ఆ ఏడాది దండ ఎగరలేదు. డోర్కస్‌కి తెలుసు. తెలిసీ వేసింది. తాను ఇచ్చిన రిబ్బను సైలస్ పెట్టె అడుగునే ఉండి నీళ్ళపాలయిందన్న ఊహ ఆమెని నిద్రపోనివ్వడం లేదు. పోనీ బొమ్మలోనైనా దండ ఎగరనీ అనుకుంది. అన్ని ఓడలకీ వేసినట్టే గుండ్రటి దండ, పైన చిన్న కొయ్య ఓడ, ఎర్రవి, నీలివి రిబ్బన్లు వేసింది. తన రిబ్బను వెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. మంచులో వేట ఓడ బొమ్మ అంటే దండ ఉండడం మామూలే కనక జేబెజ్ కూడా దాన్ని పట్టించుకోలేదు.

గార్బట్ చూపు కొయ్య మీంచి కిందికి జారుతూ ఆ దండ దగ్గర ఆగింది. చిరాగ్గా నాలుక చప్పరించాడు.

“ఇదేంటి పెద్దాయనా? లాప్‌వింగ్ దండ ఇలా ఉండదు.”

“దండలన్నీ ఒకేలా ఉంటాయి.”

“ఎవరన్నారు? పైన ఓడబొమ్మ ఏంటి, చవగ్గా? మా వడ్రంగి హంసని చెక్కాడు. మెడ ఇలా వెనక్కి తిప్పి ఉంటుంది. అందరూ బాతు బాతు అని వాణ్ణి ఏడిపించారు. కట్లు కూడా గుండ్రంగా లేవు, ఒకటి నొక్కుకుపోయింది. ఈ ఎర్రరిబ్బన్లు సరే. కింద ఒక ఆకుపచ్చది వేళ్ళాడాలి, మిగతావాటికి రెండింతల పొడుగు. గాలికి ఎగిరి కప్పీలో చిక్కుకుంటే దాన్ని విడదియ్యడానికి నేనే ఎక్కాల్సొచ్చింది. అది లేకపోతే ఇది మా ఓడే కాదు.”

నీలం నూరుతున్న చప్పుడు ఆగిపోయింది. గార్బట్ గమనించలేదు. తప్పు తాడు చూసిన నావికుడు ప్రపంచంలో ఇంకేదీ గమనించడు. జేబెజ్ సణుగుతూ హంస మెడ ఎలా తిప్పి ఉందో అడుగుతున్నాడు. ఆయనకి అప్పటికింకా తట్టలేదు.

డోర్కస్ ఇచ్చిన రిబ్బనూ ఆకుపచ్చదే, అంత పొడుగుదే. ఊళ్ళో ఆకుపచ్చ రిబ్బన్లు సవాలక్ష ఉంటాయి, వెర్రిదానా, అనుకుంది. పొడుగ్గా ఉన్నవీ ఉంటాయి. మనసు చెప్పిన మాట చెయ్యి వినలేదు. లేచి వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

“మీ కంటికి ఆనదు నాన్నా, ఇటివ్వండి,” అని కుంచె అందుకుంది. “ఎంత పొడుగు మేట్ గారూ? ఇంతా?”

“ఇంకా. ఇంకా కిందికి. ఆఁ, చాలు.”

ఆమె ఆకుపచ్చ గీత లాగింది. గాలికి తేలుతున్నట్టు చివర కాస్త పైకి తిప్పింది. తర్వాత ఆ కుంచె పెట్టేసి, అన్నిటికన్నా సన్నదాన్ని, పిల్లి మీసంలాంటిదాన్ని, తెలుపులో ముంచింది. గార్బట్ చెప్పని పని ఒకటి చేసింది. ఆకుపచ్చ అంచు పొడుగునా చిన్నచిన్న తెల్లటి అలలు గీసింది. ఒకదాని వెనక ఒకటి, బొమ్మలో సముద్రానికి వేసినట్టే.

“అదీ! అచ్చం అదే!” అన్నాడు గార్బట్, పసివాడిలా సంబరపడిపోతూ. “ఆ తెల్లగీతల సంగతి నేను మర్చేపోయాను సుమా. రంగుతో గీసింది ఎవరో, కుట్టింది కాదు. ఎవరి పెళ్ళామో గాని ఓపిక...”

అక్కడ ఆగాడు.

అతని చూపు రిబ్బను మీంచి డోర్కస్ చేతి మీదికి, చేతి మీంచి ముఖానికి వచ్చింది.

“నీకెలా తెలుసు ఆ గీతలు?”

“ఆ ప్రశ్న నేనడగాలి,” అంది డోర్కస్. కుంచె కింద పెట్టేసింది. “ఏప్రిల్లో మునిగిన ఓడ మీద మే దండ నువ్వెలా చూశావు?”

జేబెజ్ ముక్కాలిపీట మీద మెల్లగా వెనక్కి తిరిగాడు. గార్బట్ ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

“అంతకుముందు ఏడాది దండ అయ్యుంటుంది,” అన్నాడు. “గుర్తు తప్పింది. రెండూ కలిసిపోయాయి బుర్రలో.”

“అంతకుముందు ఏడాది ఆ రిబ్బను లేదు.”

“నీకేం తెలుసు?”

“ఆ అలలు నేనే గీశాను. ఆ ఓడ బయల్దేరడానికి ముందురోజు, ఈ పలక మీద నూరిన తెలుపుతో. నాన్నా, తెలుపు అయిపోయిందేంటని మీరు కేకలేశారు, గుర్తుందా? అందుకే అయిపోయింది.”

జేబెజ్ రంగు అంటిన వేళ్ళని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. ఒకసారి తుడిచిన వేలినే మళ్ళీ తుడుస్తున్నాడు.

“చెప్పరా ఆమోస్,” అన్నాడు చివరికి. “దండ ఎవరు కట్టారు?”

గార్బట్ తలుపు వైపు చూశాడు. మంచు కొరికేసిన చెవితమ్మెని రుద్దుకున్నాడు. తప్పించుకుపోవాలనుకుంటే ఆ ఇద్దరూ ఆపగలిగినవాళ్ళు కారు. అయినా కదల్లేదు.

“అదే విచిత్రం,” అన్నాడు. “కొత్తపెళ్ళికొడుకు ఎవడ్రా అంటే ఓడలో అందరూ పాతకాపులే. ఇంకెవరూ లేరు, పోయినసారి కట్టినవాణ్ణే ఎక్కమందామనుకుంటుంటే బల్లెం సైలస్ లేచి నేనున్నాను అన్నాడు. నువ్వా, నీకు పెళ్ళెప్పుడైందిరా అని గొల్లుమన్నాం. అయింది, అంతే అన్నాడు. ఎవర్రా అంటే చెప్పడు. కేప్టెన్ గారు కూడా అడిగారు. మా మావకి కోపమొస్తుంది కేప్టెన్ గారూ, ఇల్లు చేరాక చెబుతా అన్నాడు. కోతిలా ఎక్కేశాడు పైకి.”

డోర్కస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎన్నో నెలలయింది ఆ పేరు ఎవరి నోటా బతికున్న మనిషి పేరులా విని. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

జేబెజ్ కూతురి వైపు చూశాడు. చూపు మందగించినవాడే, కానీ ఆ దూరంలో కనపడనంత కాదు.

“ఎప్పుడు?”

“మీరు నన్ను నది దాటి అవతల గట్టు మీంచి రేవు బొమ్మ గీసుకురమ్మన్నారే, ఆ రోజు.”

“బొమ్మ తేలేదు నువ్వు. మబ్బేసింది అన్నావు.”

“మబ్బు కూడా వేసింది నాన్నా.”

“ఏడాది పాటు నా పక్కన కూర్చుని ఆకాశం వేశావు,” అన్నాడు జేబెజ్. దెబ్బ తగిలింది ఆయనకి, దాచుకోవడం ఆయనకి చేతకాదు. “వాడు నన్ను మావా అన్నాడా, నలభైమంది ముందు. సరే. ఆ లెక్క మనం మనం తర్వాత చూసుకుందాం. ఇప్పుడు వీడి సంగతి. ఓడ ఎప్పుడు మునిగిందిరా?”

గార్బట్ తల దించుకున్నాడు.

“మునగలేదు.”

కిటికీ కింద వీధిలో ఎవరో హెరింగ్ చేపలమ్మే ఆడమనిషి గట్టిగా కేకేస్తూ పోతోంది.

“మేం దిగిపోయాం,” అన్నాడు గార్బట్. “మంచులో ఉత్తరానికి ఒక నీటిపాయ తెరుచుకుంది. దాని వెంట పోతే అవతల తిమింగలాలు మందలు మందలుగా ఉంటాయన్నాడు ఫెన్విక్. నేను వద్దన్నాను. పోవడానికి తెరుచుకుంటుంది, రావడానికి తెరుచుకోదు అన్నాను. వినలేదు. వెనకాలే మూసుకుపోయింది. నాకు భయమేసింది. పుట్టి బుద్ధెరిగాక అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. ఒక పడవ తీసుకుని ఆరుగురం దక్షిణానికి వచ్చేశాం, నీళ్ళున్నచోట నడిపి, లేనిచోట మంచు మీద ఈడ్చుకుంటూ. అంటే పారిపోయాం.”

“మునిగిందని ఎందుకు చెప్పావు?”

“మమ్మల్ని ఎక్కించుకున్న ఓడవాళ్ళు అడిగిన మొదటిమాటే, మీ ఓడేదీ అని. కేప్టెన్ని వదిలేసి వచ్చామని ఎలా చెప్పను? మునిగింది అన్నాను. ఎప్పుడూ అన్నారు. మేలో ఆ దగ్గర్లో వేరే ఓడలున్నాయి, మునిగితే చూసుండేవాళ్ళు. అందుకని ఏప్రిల్ అన్నాను. ఒకసారి అన్నాక వెనక్కెలా తీసుకోను? మేజిస్ట్రేటు ముందూ అదే అన్నాను.”

“సైలస్?” అంది డోర్కస్.

“పిలిచానమ్మా. నా కొడుకు మీద ఒట్టు, పిలిచాను. పడవలో చోటుంది రారా అన్నాను. రానన్నాడు. దండ కట్టినవాడే దాన్ని రేవుకి చేర్చాలి మేట్ గారూ, వదిలేసొస్తే నా పెళ్ళాం మొహం ఎత్తి చూడదు అన్నాడు.” గార్బట్ ఆమె ముఖంలోకి చూడలేక బొమ్మలోకి చూశాడు. “నువ్వేనని తెలీదు నాకు. తెలిస్తే ఈ మేడ మెట్లెక్కేవాణ్ణి కాను.”

డోర్కస్‌కి గార్బట్‌ని కొట్టాలనిపించింది. వాడి చేతులు పట్టుకుని సైలస్ చెప్పిన ఒక్కొక్క మాటా మళ్ళీ చెప్పించుకోవాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి అనిపించాయి. ఏదీ చెయ్యలేదు.

“నాన్నా, అలాంటిచోట చలికాలం గడపగలరా?”

జేబెజ్ ఆ మంచుని ఎరిగినవాడు. కూతురికి ఊరికే ఆశ పెట్టే మనిషి కాడు.

“ఓడ నిలిచుంటే తలదాచుకోడానికి గూడుంటుంది. దాని కొయ్యే పొయ్యిలోకి వస్తుంది. ఆ తీరంలో మనుషులున్నారు, సీలు మాంసం పంచిపెడతారు, మనకంటే మంచివాళ్ళు. బతికినవాళ్ళని నేను చూశాను. పోయినవాళ్ళనీ చూశాను.”

“నేను పోతున్నాను కదా,” అన్నాడు గార్బట్ గబగబా. “కేప్టెన్‌గిరీ కోసం దొర కాళ్ళావేళ్ళా ఎందుకు పడ్డాననుకున్నారు? రాత్రిపూట కన్ను మూస్తే వాళ్ళే కనపడుతున్నారు. మంచు విడిపోగానే తిన్నగా అక్కడికే పోదామని. కానీ ఒకటి చెబుతున్నా, ఇద్దరూ వినండి. ఈ మాట ఈ గది దాటితే నన్ను లోపలేస్తారు. దొంగసాక్ష్యం, ఓడ వదిలేసి పారిపోవడం, రెండూ ఉన్నాయి నా నెత్తిన. ఆ పాయ ఎక్కడ తెరుచుకుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా ఐదుగురూ పడవ తోశారు గాని దిక్కు చూడలేదు. నేను జైల్లో కూర్చుంటే ఆ దారి కూడా నాతోపాటే కూర్చుంటుంది.”

బెదిరిస్తున్నాడో బతిమాలుతున్నాడో తెలియని గొంతు అది. అయితే అన్నది అబద్ధం కాదని డోర్కస్‌కి అర్థమైంది. నోరు విప్పితే సైలస్ బతికి ఉండవచ్చని ఊరంతటికీ తెలుస్తుంది, వాడి దగ్గరికి పోయే దారి మూసుకుపోతుంది. నోరు మూసుకుంటే సైలస్ ఊరందరికీ చచ్చినవాడే, కానీ ఒక ఓడ వాడి కోసం బయల్దేరుతుంది. ఆ ఓడకి కేప్టెన్ ఒకసారి వాణ్ణి వదిలేసి వచ్చినవాడు.

“మళ్ళీ భయమేస్తే?” అంది.

“వేస్తుంది,” అన్నాడు గార్బట్. “వెయ్యదని ఎలా చెప్పను?”

ఆ జవాబు విన్నాక ఆమెకి అతని మీద కాస్త నమ్మకం కలిగింది. ఎందుకు కలిగిందో అడిగితే చెప్పలేకపోయేది.

జేబెజ్ లేచి ముక్కాలిపీటని కూతురి వైపు తోశాడు. “కూర్చో. ఓడ వెనకాల నువ్వు వేసింది ఉత్త మంచు. దాన్ని గీకెయ్యి. ఒరే ఆమోస్, ఆ పాయ మొదట్లో నిలబడితే వెనకాల తీరం ఎలా కనపడిందో చెప్పు. కొండకి కొండ చెప్పు. తాడు తప్పితే పట్టుకునేవాడివి, కొండ తప్పితే పట్టుకోలేవా? నువ్వు జైల్లో పడ్డా, మంచులో పడ్డా, దారి ఈ గుడ్డ మీద ఉంటుంది.”

కొత్త తీరం ఎరిగినవాళ్ళు ఎరగనివాళ్ళకి దాన్ని చెప్పే పద్ధతి ఇదే. సముద్రం మీంచి చూస్తే కొండలు ఎలా నిలబడ్డాయో గీసి చూపిస్తారు. గార్బట్ ఒక్క క్షణం తటపటాయించాడు. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క పట్టు ఆ దారి. అది ఇచ్చేస్తే ఇక అతని దగ్గర ఏమీ మిగలదు. చివరికి కళ్ళు మూసుకున్నాడు.

“ఎడమ చేతికి నల్లకొండ. నిటారు, గోడలాగా. మంచు నిలవదు దానిమీద. దాని పక్కన పొట్టిది, పైన బల్లపరుపు. ఊఁహూఁ, అంత పొట్టి కాదు. ఆఁ, అలాగ. ఆ రెంటి మధ్యనుంచీ మంచునది దిగుతుంది, కింద నీలంగా ఉంటుంది...”

డోర్కస్ చెయ్యి ఎన్నడూ లేనంత వేగంగా నడిచింది. ఎన్నో ఏళ్ళుగా తాను చూడని మంచుని తండ్రి మాటలు విని వేసింది. ఇప్పుడు మొదటిసారి ఒక కొండ నిజంగా ఎలా ఉందో తెలుసుకోవాలని ఆమె కళ్ళు ఆకలిగొన్నాయి. ఆ నల్లకొండనే సైలస్ రోజూ చూస్తూ ఉండి ఉంటాడు. కొండ నీడ పొద్దున్న ఏ పక్కన పడేదని అడిగింది. గార్బట్ చెప్పాడు. ఎడమ సగం పూర్తయింది.

“కుడి చేతికి?” అంది.

గార్బట్ నోరు తెరిచేలోపల కింద తలుపు చప్పుడైంది. మెట్ల మీద చేతికర్ర టకటక వినిపించింది.

“దొరగారు,” అన్నాడు జేబెజ్ నెమ్మదిగా.

థొరెస్బీ దొర ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు. లావుపాటి మనిషి, మెత్తని మనసు. ఓడ పోయిందన్న కబురు వచ్చినరోజు వీధిలో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

“అదే. అదే నా లాప్‌వింగ్. కవుడ్, నీ చేతికి తిరుగులేదయ్యా. పీపా కూడా సరిగ్గా పెట్టావు.” ఇంకా దగ్గరికి వంగాడు. “ఇదేంటి? దండా?”

దొర ముగ్గురి వైపూ తిరిగాడు.

“ఏప్రిల్లో పోయిన ఓడకి మే దండ ఎక్కడిదయ్యా? గార్బట్, నువ్వు చూళ్ళేదా?”

“చూ... చూశానండి. ఇప్పుడే చెబుతున్నాను.”

“తుడిపించెయ్యి. తప్పు పట్టడానికి కాదు కవుడ్, ఇది ప్రార్థనామందిరంలో పెట్టేది. ఆ తల్లులూ, ఆ పెళ్ళాలూ రోజూ దీన్ని చూస్తారు. దండ చూస్తే మేదాకా బతికున్నారేమో అనుకుంటారు. లేనిపోని ఆశ పెట్టడం పాపం.”

జేబెజ్ టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డ తీశాడు. తాను తుడవలేదు. కూతురి ముందు చాపాడు.

డోర్కస్ గార్బట్ వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు, తేలు కుట్టిన దొంగలా. గురువారం పోటు. ఇంకా గీయని కుడి సగం. ఓడ కదలాలి, అది ముఖ్యం, మిగతాదంతా తర్వాత, అనుకుంది. గుడ్డ అందుకుంది. ముందు హంస పోయింది, తర్వాత ఎర్రరిబ్బన్లు. ఆకుపచ్చది చివరిదాకా ఉంచి, పళ్ళు బిగబట్టి దాన్నీ తుడిచేసింది. తెల్లటి అలలు ఆకుపచ్చలో కలిసి, గుడ్డకి అంటుకుని వచ్చేశాయి. సైలస్‌ని తన చేతులతో తానే రెండోసారి ముంచినట్టుగా అనిపించింది.

“ఇప్పుడు బాగుంది,” అన్నాడు దొర. టోపీ పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. “అన్నట్టు గార్బట్, నీకు చెబుదామనే వచ్చాను. నీ ఓడ డేవిస్ జలసంధికి పోవడం లేదు. ఆ మంచుకి ఒక ఓడని బలిచ్చాను, చాలు. నువ్వు తూర్పు వైపు గ్రీన్లాండ్ సముద్రానికి పోతున్నావు. నాకున్న మిగతా ఓడలు కూడా ఈ ఏడు అటు పోవు.”

“దొరగారూ, నేను... ఆ పడమటి నీళ్ళు నాకు బాగా తెలుసండి...”

“తెలుసు కనకే చెబుతున్నాను. నువ్వు పడ్డ కష్టం చాలు. ఇంకా ఆ నీళ్ళు నిన్ను చూడమంటానా? నీకు భయం తీరేదాకా అటు పంపను.” ఆప్యాయంగా అతని భుజం తట్టాడు.

ఎందుకు అటే పోవాలో చెబితే గార్బట్ తానే సంకెళ్ళకి చేతులు చాపినట్టు. చెప్పకపోతే ఓడ తూర్పుకి పోతుంది. వాడు చెప్పడు, అనుకుంది డోర్కస్. మంచు మీద ఎలా దిగిపోయాడో ఇప్పుడూ అలాగే దిగిపోతాడు. అతని ముఖం చూస్తూనే ఆ సంగతి ఆమెకి తెలిసిపోయింది.

దొర కర్ర మొదటి మెట్టు మీద పడింది. రెండో మెట్టు మీద పడింది.

“అమ్మాయ్,” అన్నాడు జేబెజ్, అంతే.

డోర్కస్ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. చేతిలో గుడ్డ అలాగే ఉంది.

“ఆగండి దొరగారూ,” అంది. “మీ ఓడ మునగలేదు.”